మేష్ట్రు వేసి పోయిన తాళం

మంగళవారం పొద్దున బాగేపల్లి నుంచి చింతామణికి వచ్చే బస్సులో ఉన్నాను. చేళూరు దాటినాక నరసింహన్న ఫోన్ చేసినాడు. రోజూ అయితే ఫోన్ ఎత్తగానే "యాడుండావు పాపా?" అంటాడు. ఆ రోజు అది అడగలేదు.

"మేష్ట్రు పోయినారంట," అన్నాడు. "పాలు తెచ్చి వంటింట్లో పెట్టి, వచ్చి కుర్చీలో కూర్చున్నారంట. ఆయమ్మ కాఫీ కలుపుకొని వచ్చేలోపల అయిపోయింది."

నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏదో అదే రాస్తాను. ఆయన గురించి రాస్తూ బాగుండేదానికని ఇంకోటి రాస్తే ఆయన ఒప్పుకోరు. "ఆ ఫైలు తాళం తీసినారో లేదో" అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది, బస్‌స్టాండులో దిగినాక, పండ్ల బండ్ల పక్కన నిలబడి.

ఆ తాళం సంగతి చెప్పాలంటే ముందు ఆయన సంగతి చెప్పాలి.

మా పక్క పాఠం చెప్పేవాళ్ళను మేష్ట్రు అంటారు. ఈయన డిప్లొమా కాలేజీలో చాలా ఏండ్లు కంప్యూటర్ పాఠం చెప్పి, రిటైర్ అయినాక చింతామణిలో మోటార్లు రిపేరు చేసే అంగడి పైన రెండు గదులు బాడుగకు తీసుకొని చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు పెట్టినారు. ఆఫీసులో ముగ్గురం. ఆయన, మండికల్ నుంచి వచ్చే నరసింహన్న, నేను. నరసింహన్న అంతకుముందు సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు. నేను ఇంజనీరింగ్ చదివి, బెంగళూరులో ఉద్యోగం దొరికేదాకా ఓ ఆరు నెలలు అనుకొని చేరినాను. మొదటి రోజే ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "నీ కాళ్ళలో చక్రాలుండాయమ్మా. ఉన్నన్ని దినాలు సరిగ్గా పని చెయ్యి, చాలు" అన్నారు. అది జరిగి మూడేండ్లయింది.

మా పని పట్టుపురుగులు మేపే ఇండ్లకు టైముకు ఫోన్ కాల్స్ పంపడం. తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. పట్టుపురుగు పెరిగేలోపల నాలుగు సార్లు పొర విడుస్తుంది. విడిచే ముందు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా కూర్చుంటుంది. దాన్నే మా పక్క జ్వరం అంటారు. పురుగులు జ్వరానికి కూర్చున్నప్పుడు మల్బరీ ఆకు ఆపాలి. అన్నీ పొర విడిచి జ్వరం లేచినాకే మళ్ళీ వెయ్యాలి. తొందరపడి వేస్తే ముందు లేచినవి తిని పెద్దవైపోతాయి, లేవనివి ఆకు కిందే ఉండిపోతాయి. తర్వాత కొన్ని గూడు కడుతూంటే కొన్ని ఇంకా మేస్తూంటాయి. పంట రెండు ముక్కలవుతుంది. ఎండకాలంలో జ్వరం బిన్నా, తక్కువ గంటల్లోనే లేస్తుంది, చలికి ఎక్కువ గంటలు పడుతుంది. ఆ గంటలన్నీ మా ప్రోగ్రాంలో ఒక ఫైల్లో ఉంటాయి. ఏ ఇంటికి ఏ రోజు పురుగులు చేరినాయో దాన్నిబట్టి, టైముకు ఆ ఇంటికి ఫోన్ పోతుంది.

చదువురాని పెద్దవాళ్ళు ఉంటారని మేష్ట్రు మెసేజ్ వద్దని మాటే పెట్టినారు. ఆ మాట కూడా ఆయన గొంతే. "అమ్మా, అప్పా, నమస్కారం. మీ పురుగులు జ్వరానికి కూర్చుంటాండాయి. ఆకు ఆపండి." ఇది తెలుగులో. కన్నడకు ఇంకొకటి. జ్వరం లేచినాక "ఆకు వెయ్యండి" అని మళ్ళీ ఒకటి.

నాకూ ఆయనకూ గొడవ మొదలైంది ఈ ఫోన్ల గురించి కాదు, వీటి వెనకుండే ప్రోగ్రాం యాడ పెట్టుకోవాలనే దాని గురించి.

ముగ్గురు కలిసి ఒకే ప్రోగ్రాం రాస్తూంటే, ఎవరు ఏ వరుస మార్చినారు, ఎప్పుడు మార్చినారు, పాత వరుస ఏమిటి అని దాచిపెట్టే ఏర్పాటు ఒకటి కావాలి. దాన్ని వెర్షన్ కంట్రోల్ అంటారు. అందులో పాత పద్ధతిది సెంట్రలైజ్డ్. అంతా ఒకే సర్వర్లో ఉంటుంది, చరిత్రంతా అక్కడే. పని చెయ్యాలంటే దాని దగ్గరికి పోవాల్సిందే. కొత్త పద్ధతి డిస్ట్రిబ్యూటెడ్. అందులో ప్రతి మనిషి ల్యాప్‌టాప్‌లోనూ ప్రోగ్రాం, దాని చరిత్ర మొదటి రోజు నుంచి పూర్తిగా ఉంటాయి. ఎవరి దగ్గర వాళ్ళు పని చేసుకొని, తర్వాత అందరివీ కలుపుతారు.

మేష్ట్రుది మొదటి పద్ధతి. ఆయన టేబుల్ కింద నల్ల డబ్బా లాంటి సర్వర్ ఉండేది. ప్రతి సోమవారం గోడలకు రంగువేసే బ్రష్‌తో దాని దుమ్ము దులిపేవారు. చెవి మీద పెన్సిలు, జేబులో వేయించిన సెనక్కాయలు. పొట్టు కింద పడకుండా కాగితం పొట్లంలో వేసి, సాయంత్రం ఇంటికి పోతూ తీసుకుపోయేవారు. మేము ఏదైనా ఫైల్ మార్చాలంటే ముందు దానికి మా పేరు మీద తాళం వేసుకోవాలి. మా పని అయి తాళం తీసేదాకా ఇంకెవరూ దాన్ని ముట్టుకోలేరు.

కాలేజీలో నేను నేర్చుకున్నది రెండోది. చేరిన వారానికే చెప్పినాను.

"మేష్ట్రే, ఇదంతా పాతకాలం పద్ధతి. ఎవరి దగ్గర వాళ్ళకు పూర్తి కాపీ ఉంటే కరెంటు పోయినా, నెట్టు పోయినా పని ఆగదు."

ఆయన సెనక్కాయ ఒలుస్తూ, "ఇంటికి ఒగ పొయ్యి చాలమ్మా," అన్నారు. "రెండో పొయ్యి పెట్టిన పొద్దే ఇల్లు రెండైనట్టు."

అది ఊరికే అన్న మాట కాదని నాకు తర్వాత తెలిసింది. శిడ్లఘట్టలో వాళ్ళ నాయన ఇల్లు. అన్నదమ్ములు ముగ్గురు. "కొన్ని దినాలు వేరుగా వండుకుందాం, తర్వాత చూద్దాం" అని మూడు పొయ్యిలు పెట్టుకున్నారంట. ఆ తర్వాత మధ్యలో గోడలు లేచినాయి. "వేరుపడినోళ్ళు మళ్ళీ కలిసేది నేను చూడలే" అని ఆయన ఒకసారి సర్వర్ దులుపుతూ, నాకు కాదు, దానికే చెప్తున్నట్టు చెప్పినారు.

నేను ఊరుకునేదాన్ని కాదు. "ఇది వేరుపడేది కాదు మేష్ట్రే. కాన్పుకు పుట్టింటికి పొయ్యేది. పోయి, బిడ్డను ఎత్తుకొని వస్తాది" అన్నాను. నరసింహన్న పగలబడి నవ్వినాడు. మేష్ట్రు కూడా నవ్వినారు. నవ్వి, "కొందరు పుట్టింట్లోనే ఉండిపోతారు గదమ్మా" అని మళ్ళీ పనిలో పడినారు.

ఇంకో విషయంలో మాత్రం ఆయన నన్ను గెలిచినారు. ఏదైనా మార్చినప్పుడు దాని పక్కన ఒక మాట రాయాలి, ఎందుకు మార్చినామో. నేను "ఫిక్స్" అని రాసేదాన్ని. మళ్ళీ మారిస్తే "ఫిక్స్ 2". ఆయన చదివి, "ఏందమ్మా ఇది, పంక్చరా?" అనేవారు. ఆయన రాసేవి ఇట్లా ఉండేవి: "ఈ పొద్దు జంగమకోటెలో మునెమ్మ ఇంట్లో కూర్చొని చూసినాను. చలికి మూడో జ్వరం అనుకున్నదానికన్నా ఆలస్యంగా లేచింది. అందుకని గంటలు పెంచినాను. ఎండలు వచ్చినాక మళ్ళీ చూడవల్ల."

"ఏం మార్చినావో మిషనే చెప్తాది. ఎందుకు మార్చినావో నువ్వు చెప్పల్ల," అనేవారు. నేను ఇక ఎక్కడ పని చేసినా ఆ మాట నాతో వస్తుంది.

ఇక చలికాలంలో జరిగింది. ఇది నా తప్పు గురించి.

నేను చేరిన మొదటి ఏడు. నాకు ఆ తాళాలతో విసుగెత్తింది. ఒకరోజు మేష్ట్రుకు చెప్పకుండా సర్వర్లో ఉన్నదంతా నా ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకొని, అక్కడ నా పద్ధతి పెట్టుకున్నాను. ఎప్పుడో ఒకరోజు తీసి చూపించి ఆయన నోరు మూయిద్దామని.

మూడు వారాల తర్వాత చలి గట్టిగా పడింది. ఆ రోజు మేష్ట్రు పెళ్ళికని ఊరికి పోయినారు. అక్కడ ఫోన్ సిగ్నల్ లేదు. పోయే ముందు గంటల ఫైల్‌కు ఆయన పేరు మీద తాళం వేసుకొని, సరిచేస్తూ సగంలో వదిలి, తాళం తియ్యడం మరచిపోయినారు. నేను మండికల్‌లో రైతులకు ఫోన్ ఏర్పాటు చూపించేదానికి పోయినాను. ఆఫీసులో నరసింహన్న ఒక్కడే.

"పాపా, పొద్దున్నుంచి కరెంటు లేదు. బ్యాటరీ కూడా అయిపోయి సర్వర్ ఆగింది," అని ఫోన్ చేసినాడు. "జంగమకోటె ఇండ్లకు ఫోన్ పోవల్ల ఈ పొద్దు. ఎట్ల చేద్దాం?"

"నా దగ్గర ఉండాది," అన్నాను.

"ఏముండాది?"

"అంతా ఉండాది. నేను చూసుకుంటాలే."

ఆ నిమిషం నాకు ఎంత సంతోషమైందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది. పాలడెయిరీ అరుగు మీద కూర్చొని, నా ల్యాప్‌టాప్ తెరిచి, నా కాపీ నుంచి ఫోన్లు పంపించినాను. "ఆకు వెయ్యండి" అని జంగమకోటె ఇండ్లకు పోయింది.

నా కాపీ మూడు వారాల పాతది. ఆ మూడు వారాల్లో మేష్ట్రు చలికని గంటలు రెండు సార్లు పెంచినారు. ఆ రెండూ సర్వర్లో ఉన్నాయి, నా దగ్గర లేవు. పురుగులు ఇంకా జ్వరంలో ఉండగానే ఫోన్ పోయింది.

చాలా ఇండ్లలో ఏమీ కాలేదు. పెద్దవాళ్ళు పురుగుల తట్టల్లోకి ఒకసారి చూసి, "ఈ ఫోనుకు బుద్ధి లేదు" అని నవ్వుకొని పక్కన పెట్టినారంట. మేష్ట్రు రాతల్లో ఉండే ఆ మునెమ్మ ఇంట్లో ఉంటే ఆమె కూడా అదే చేసేది. ఆమె కన్నుతో చూసి చెప్పగలదు. కానీ ఆ రోజు దగ్గరి చుట్టాలు పోతే చావుకు పోయింది. ఇంట్లో కొత్త కోడలు. మేష్ట్రు గొంతు విని, ఆ పిల్ల తట్టలన్నిటికీ ఆకు వేసింది.

మరుసటి రోజు మేష్ట్రు వచ్చినాక అంతా చెప్పినాను. ఆయన అరవలేదు. పెన్సిలు చెవి మీదనుంచి తీసి టేబుల్ మీద పెట్టినారు.

"కాపీ ఎప్పుడు తీసుకుంటివి?"

"మూడు వారాలైంది."

"నాకు యాల చెప్పలే?"

"మీరు వద్దంటారని."

కిటికీలోంచి కింద మోటార్లు విప్పుతున్నవాళ్ళను చూసినారు. "నేను వాకిలి మూస్తే నువ్వు కిటికీలో దూరినావు," అన్నారు. "కిటికీలో దూరింది నీ తప్పే. వాకిలి మూసి బీగం జేబులో పెట్టుకొని పెళ్ళికి పోయింది యెవరు?"

నిజానికి ఆయన తాళం వల్ల ఆ రోజు ఏ పురుగూ చెడలేదు. నేను గమ్మునుండి ఉంటే ఫోన్లు పోకుండా ఆగేవి, అంతే. అది ఆయనకూ తెలుసు. అయినా పంచుకున్నారు.

ఇద్దరం జంగమకోటెకు పోయినాం. పురుగులుండే ఇంటి వాకిట్లో బ్లీచింగ్ కలిపిన నీళ్ళు పళ్ళెంలో పెట్టి ఉంటారు. కాళ్ళు అందులో ముంచకుండా లోపలికి పోకూడదు. మేష్ట్రు ప్యాంటు మడిచి ముంచినారు, నేనూ ముంచినాను. మునెమ్మ మమ్మల్ని లోపలికి రానిచ్చింది, కూర్చోమనలేదు. తట్టలు చూపించింది. ఒకే తట్టలో వేలెడు పురుగులు, వాటి పక్కన సగం కూడా లేనివి.

"మీ కరెంటు, మీ తాళాలు, మీ కాపీలు నా పురుగులకు తెల్సునా అప్పా?" అంది. "మిమ్మల్ని అడిగింది యెవరు ఫోను చెయ్యమని? నేను ఒగ పూట ఇంట్లో లేకపోతే నా ఇంట్లో నువ్వు మాట్లాడితివి. నా కోడలు నా మాట కన్నా నీ మాట విన్నింది. చూడు."

మేష్ట్రు చేతులు కట్టుకొని నిలబడినారు. "తప్పైంది తల్లీ."

"ఇంక మీ ఫోను నమ్మేది లేదు. చావైనా సరే, పెండ్లైనా సరే, పురుగులున్నన్ని దినాలు నేను ఇల్లు కదిలేది లేదు."

అదే కోపంలో ఆమె ఇంకో మాట అనింది. మాకు సలహా ఇయ్యాలని కాదు, తిట్టడానికే అనింది. "పిల్లపురుగులు అందరివీ ఒగే కాడ పెరుగుతాయి. ఒగే చెయ్యి, ఒగే మేత. రెండో జ్వరం దాటినాక తెచ్చుకొని ఎవురింట్లో వాళ్ళం మేపుకుంటాం. గూళ్ళయినాక మళ్ళా అందరం ఒగే మార్కెట్టుకు పోతాం. ఇంతమందిమి ఇన్నేండ్లుగా చేస్తాండాము. మీరు ముగ్గురు, ఒగ ఆఫీసు. మీకు కుదర్లేదా?"

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మేష్ట్రు సెనక్కాయలు తీయలేదు. శిడ్లఘట్టలో బస్సు ఆగినప్పుడు, "ఆయమ్మ చెప్పింది విన్నావా?" అన్నారు. "తిట్లా?" అన్నాను. "తిట్లు నాకు. మిగిలింది ఇద్దరికీ," అన్నారు.

ఆ ఒక్క మాటతో ఆయన మారిపోయినారని రాస్తే కథ బాగుంటుంది కానీ అది జరగలేదు. ఇంకో మూడు నెలలు పట్టింది. నన్ను రోజూ ఏదో ఒకటి అడిగేవారు. "ఇద్దరు ఒగే వరుస మార్చితే ఏమైతాది?" కలిపేటప్పుడు మిషన్ ఆగి, మీరే తేల్చుకోండి అంటుందని చూపించినాను. "ముగ్గురి దగ్గర మూడుంటే యేది నిజం?" పుస్తకాల్లో ఉన్నది చెప్పినాను, అది ఆయనకు చాలలేదు. "మిషన్ చెప్పేది కాదమ్మా ఇది. మనం ఒప్పుకోవల్ల, ఇది నిజం అని," అన్నారు. పాత కాపీ పెట్టుకొని కొత్తదనుకోవడం నా చేతుల మీదుగా జరిగింది కాబట్టి నేనూ వాదించలేదు.

ఒకరోజు పని మధ్యలో ఆయన లేచి సర్వర్ ప్లగ్గు పీకేసినారు. నరసింహన్న "అయ్యో!" అన్నాడు. "ఉండప్పా. ఏమ్మా, ఇప్పుడు చెయ్యి పని, చూద్దాం." నేను నా ల్యాప్‌టాప్‌లో మార్చి, నరసింహన్నకు ఇచ్చినాను, అన్న మార్చింది తీసుకున్నాను, రెండూ కలిపినాను. మేష్ట్రు వెనక నిలబడి, నా ల్యాప్‌టాప్‌లో ఆయన నాలుగేండ్ల కింద రాసిన మాటలు కూడా ఉండడం చూసినారు. వేలితో స్క్రీన్ మీద కిందికి కిందికి పోయినారు. "ఇది నీ కాడ కూడా ఉండాదా?" "అందరి కాడా ఉండాది మేష్ట్రే." "సర్వర్ కాలిపోతే?" "మన ముగ్గురిలో ఒకరుంటే చాలు." ఆయన ప్లగ్గు మళ్ళీ పెట్టి టీకి పోయినారు.

మరుసటి సోమవారం నుంచి మాది డిస్ట్రిబ్యూటెడ్. కానీ ఆయన షరతులతో. ఎవరి పని వాళ్ళ దగ్గర రెండు రోజులకు మించి ఉండకూడదు. రెండో రోజు నాలుగ్గంటల టీకి ముందు అందరివీ ఒకే చోట కలపాలి. ఫోన్లు పోయేది ఆ కలిపినదాంట్లోంచి మాత్రమే, ఇంకెవరి ల్యాప్‌టాప్ నుంచీ కాదు. గంటల ఫైల్ ఎవరు మార్చినా ఇంకొకరు చదివి సరే అనాలి. చివరిది ఆయనకూ వర్తిస్తుంది. ఆయన మార్చిన గంటలను నేను చదివి ఒప్పుకోవాల్సి వచ్చినప్పుడు, వెనక్కి తిరిగి "ఏమ్మా, పాసా ఫెయిలా?" అనేవారు.

పాత సర్వర్‌ను పారేయలేదు. ఒక పనికి అదే మంచిదని ఆయనే కనిపెట్టినారు. రాసిన వరుసలను కలపవచ్చు, గొంతును కలపలేం. ఒకే మాటను ఇద్దరు రెండు రకాలుగా రికార్డ్ చేస్తే సగం ఇది, సగం అది అని అతికించలేం. పైగా ఆ ఫైళ్ళు పెద్దవి, అన్నీ అందరి ల్యాప్‌టాప్‌లలో మోయడం దండగ. అందుకని గొంతులు మాత్రం సర్వర్లోనే, పాత తాళాలతోనే. "మీకు మీ పద్ధతి, నా డబ్బాకు కొంచెం పని," అన్నారు. ఎవరైనా కొత్తగా టీం పెట్టి ఏ పద్ధతి మంచిదని నన్ను అడిగితే నేను ఇదే చెప్తాను. పేరు చూసి ఎంచుకోవద్దు, మీ చేతిలో ఉన్నది కలిసే వస్తువా కాదా చూసుకోండి, కరెంటు ఎప్పుడు పోతుందో చూసుకోండి, ఏది నిజమో ముందే ఒప్పుకోండి.

మునెమ్మ విషయంలో ఆయన ఇంకో పని చేసినారు. ఆ తర్వాత ఏడాది పాటు, ఆమె ఇంట్లో పురుగులు ఉన్నప్పుడల్లా, ఫోన్ పోయే టైముకు జంగమకోటెకు పోయి కూర్చునేవారు. ఫోన్ మోగేది. ఆమె ఎత్తేది కాదు. ఈయన తట్టల్లో చూసి, "ఈసారి సరిగ్గా ఉండాదా తల్లీ?" అని అడిగేవారు. ఆమె "ఊ" అనేది. తేడా ఉంటే గంటలు మార్చి, ఎందుకో రాసేవారు. ఏడాది అయినాక ఒకరోజు ఆమె ఎత్తింది. స్పీకర్లో ఆయన గొంతు "ఆకు ఆపండి" అంటే, ఎదురుగా కూర్చున్న మనిషిని చూడకుండా, ఫోన్‌కే "సరేనప్పా" అని చెప్పిందంట. ఆ రోజు ఆఫీసుకు వచ్చి మా ఇద్దరికీ సెనక్కాయలు పంచినారు.

ఇక తాళం. ఆయన పోయే ముందు శనివారం చలి మొదలైందని ఆయన "ఆకు ఆపండి" మాటను మళ్ళీ రికార్డ్ చేసినారు. చివర్లో కొత్తగా ఒక ముక్క చేర్చినారు, "చలి ఉండాది, మళ్ళీ ఫోన్ వచ్చేదాకా తొందరపడొద్దండి" అని. సర్వర్లో పెట్టినాక విని చూసుకుంటే మొదట్లో చిన్న దగ్గు వినపడుతూంది. తాళం వేసి పక్కన రాసినారు: "దగ్గు వినిపిస్తాంది. బుధవారం మళ్ళీ చెప్తాను."

మంగళవారం మధ్యాహ్నం ఆయనను మట్టిలో పెట్టి వచ్చినాం. బుధవారం నేనూ నరసింహన్నా ఆఫీసు తెరిచినాం. స్క్రీన్ మీద ఆ ఫైల్ పక్కన ఆయన పేరు, తాళం బొమ్మ.

"పగలగొట్టల్లా పాపా?" అన్నాడు. ఇప్పుడు అధికారం నాది. ఒక్క నొక్కు చాలు. పగలగొట్టి, నా గొంతు పెట్టవచ్చు.

"దగ్గు ఉంటే ఏమైతాది, ఉండనీ" అన్నాను.

"దగ్గు కాదు. తాళమున్నా, రేపు జంగమకోటెకు ఈ మాటతోనే ఫోన్లు పోతాయి. పోయిన మనిషి గొంతు పురుగులింట్లోకి పోవచ్చునా? మా అమ్మ చావింటికి పోయి వచ్చినోళ్ళను వాకిట్లోకే రానియ్యదు."

అది నేను అనుకోలేదు. పురుగులున్న ఇంటికి చావు మైల తగలకూడదంటారు. పంట పోతే ఆ గొంతు మీదికే వస్తుంది. వద్దని నా గొంతు పెడితే, ముందే ఒకసారి నా వల్ల తప్పు ఫోన్ పోయిన ఇండ్లు అవి. ఎవరు నమ్మి ఆకు ఆపుతారు?

ఆ గొంతే పంపవచ్చునా అని మేష్ట్రు ఇంట్లో అమ్మను అడిగినాను. ఆయన భార్యను మేము అట్లే అమ్మ అంటాం. "నాకేం తెలుస్తాదమ్మా," అంది. "మా ఇంట్లో పురుగులుంటే నాకూ వచ్చుండు ఆయన ఫోను."

గురువారం పొద్దున జంగమకోటెకు పోయినాను, మునెమ్మనే అడుగుదామని. ఆమె వద్దంటే ఫోన్లు ఆపి, తాళం పగలగొట్టేదానికి నరసింహన్న ఆఫీసులో కాచుకొని ఉన్నాడు. తలకు పోసుకునే పోయినాను. అయినా ఆమె నన్ను చూసి చెయ్యి అడ్డం పెట్టింది.

"చావింటికి పోయి వచ్చినావు. లోపలికి వద్దులేమ్మా, కిటికీ కాడ నిల్చో." తర్వాత లోపలినుంచే, వల కట్టిన కిటికీ దగ్గరికి వచ్చి, "నేను రాలేకపోతిని. నాలుగో జ్వరం దగ్గర పడింది. ఆయప్పకు తెలుసులే," అంది.

ఆమె చేతిలో ఆకు గంప. తట్టల వరుసల మధ్య సద్దు బాగా తగ్గిపోయింది. పురుగులు మేస్తూంటే సన్నని వాన పడినట్టు ఉంటుంది. ఇప్పుడు అక్కడక్కడ చినుకులే. నేను అడగాల్సినది నోట్లో పెట్టుకొని, ఎట్లా మొదలుపెట్టాలా అని వల పట్టుకొని నిలబడినాను. టైం ఇంకా ఉందనుకున్నాను.

గుంజకు తాడుతో వేలాడగట్టిన ఫోన్ మోగింది. ఆమె గంప నడుం మీదికి మార్చుకొని, తడి చెయ్యి చీరకు తుడుచుకొని, ఎత్తింది.

ముందు దగ్గు. తర్వాత ఆయన.

"అమ్మా, అప్పా, నమస్కారం. మీ పురుగులు జ్వరానికి కూర్చుంటాండాయి. ఆకు ఆపండి. చలి ఉండాది, మళ్ళీ ఫోన్ వచ్చేదాకా తొందరపడొద్దండి."

మునెమ్మ నా వైపు చూడలేదు. "సరేనప్పా," అని ఫోన్‌కు చెప్పింది. గంపను కింద పెట్టింది. దాని మీద తడి గోనెపట్ట కప్పింది. తట్టల్లో పురుగులన్నీ తలలు పైకెత్తి, కదలకుండా కూర్చొని ఉన్నాయి.